ఇంట్లో చేసిన యుకులేలేకి బ్రిడ్జి, శాడిల్ ఎలా చేసుకోవాలి

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పోయినేడు ఒక యుకులేలే (నాలుగు తీగల బుల్లి గిటార్ లాంటిది) చేశాను, 3 ఎంఎం ప్లైవుడ్‌తో డబ్బా, పాత టేకు గుమ్మం ముక్కతో మెడ, అన్నీ ఏదోలా కుదిరాయి గానీ బ్రిడ్జి దగ్గర మాత్రం బోల్తా పడ్డాను. ఆగస్టు నెల, బయట రెండ్రోజుల నుంచీ ముసురు, అందరం పడుకున్నాక హాల్లోంచి టప్పున ఒక చప్పుడు, కొబ్బరికాయ రేకుల మీద పడిందేమో అనుకుని పట్టించుకోలేదు, పొద్దున్న లేచి చూస్తే బ్రిడ్జి ఊడి తీగలకి వేలాడుతోంది. ఆ తర్వాత ఇంకో రెండు చేశాను, అవి ఇప్పటిదాకా కదల్లేదు. మొదటిదానికీ తర్వాత రెండిటికీ తేడా ఎక్కడొచ్చిందో అదంతా ఇక్కడ రాస్తున్నా, డబ్బా మెడ అయిపోయి ఇక్కడ ఆగిపోయినవాళ్ళ కోసం.

ముందు పేర్ల సంగతి. మన వీణ వాళ్ళు తీగల్ని మోసే దాన్ని గుర్రం అంటారు. ఇంగ్లీషోళ్ళు బ్రిడ్జి మీద నిలబెట్టే సన్నటి పలకని శాడిల్ అంటారు, శాడిల్ అంటే జీను. గుర్రం మనది, జీను వాళ్ళది, ఎలా కలిసిందో చూడండి. కాబట్టి డబ్బా పై పలకకి అతుక్కుని ఉండే చెక్క బ్రిడ్జి, దాని గాడిలో కూర్చుని తీగలు ఆనే ఎముక ముక్క శాడిల్. బ్రిడ్జి అతుక్కుపోయి ఉంటుంది, శాడిల్ మాత్రం ఊడదీసుకునేలా ఉండాలి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

మా ఊరి వడ్రంగి బాబాయికి చూపిస్తే "ఏంటి బాబూ ఇది, వీణ గానీ పిల్లని పెట్టిందా" అని నవ్వాడు. నవ్వాడు గానీ అసలు ఈ వాయిద్యాన్ని పుట్టించిందే ఫర్నిచర్ చేసుకునే వడ్రంగులు. 1879 ఆగస్టులో మదీరా దీవి నుంచి కూలీల్ని తీసుకుని రావెన్స్‌క్రాగ్ అనే ఓడ హొనొలులు వచ్చింది, అందులో మాన్యుయెల్ నూనెస్ అనే ఆయనతో కలిపి ముగ్గురు చెక్కపనోళ్ళు ఉన్నారు, వాళ్ళ ఊరి బుల్లి గిటార్ని అక్కడ చెయ్యడం మొదలెడితే అదే యుకులేలే అయ్యింది. ఈ ముక్క చెప్పాక బాబాయి కాస్త ఇష్టంగానే బెజ్జాలు పెట్టే బర్మా ఇచ్చాడు.

నేను చెప్పే కొలతలన్నీ కాన్సర్ట్ సైజుకి, అంటే నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి శాడిల్ దాకా 380 ఎంఎం దరిదాపుల్లో ఉండేదానికి. దీనికన్నా చిన్నది సొప్రానో అయితే 345 చుట్టూ ఉంటుంది, పెద్దది టెనార్ 430, పద్ధతి మాత్రం ఒకటే.

ముందు చోటు, తర్వాతే చెక్క

అందరూ ముందు బ్రిడ్జి చేసేసి తర్వాత ఎక్కడ అతికించాలా అని చూస్తారు, నేనూ అదే చేశాను. కాదండి, ముందు చోటు తేలాలి. బ్రిడ్జి ఎంత అందంగా ఉన్నా రెండు ఎంఎం తప్పు చోట కూర్చుంటే పైకి పోయేకొద్దీ మెడ మీది ప్రతి మెట్టూ (ఫ్రెట్) అపశ్రుతే, దానికి మందు లేదు.

స్టీలు స్కేలు తీసుకుని నట్ అంచు నుంచి 12వ మెట్టు నడినెత్తి దాకా కొలవండి. మీరు గీసుకున్న ప్లాన్‌లో ఎంతుందో చూడొద్దు, చేతిలో ఉన్నదాన్నే కొలవండి. నేను ప్లాన్‌లో 190 అని గీశాను, మెట్లు కొట్టేటప్పుడు ఎక్కడ జారిందో గానీ తీరా కొలిస్తే 189 వచ్చింది. దాన్ని రెట్టింపు చేస్తే 378. తీగ సగం సరిగ్గా 12వ మెట్టు మీదకి రావాలి కాబట్టి లెక్క ప్రకారం శాడిల్ 378 దగ్గర ఉండాలి, కానీ మనం తీగని మెట్టు మీదకి నొక్కినప్పుడు అది కాస్త సాగి బిగుస్తుంది, బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, ఆ పెరిగినదాన్ని తగ్గించడానికి శాడిల్‌ని ఇంకో 2 ఎంఎం దాకా వెనక్కి జరపాలి. అంటే నాకు 380. అక్కడ పెన్సిల్‌తో లైట్‌గా ఒక గీత పెట్టుకోండి.

ఈ 2 ఎంఎం అనేది మొదటి అంచనా మాత్రమే, తీగ లావుని బట్టీ ఎత్తుని బట్టీ మారుతుంది, అందుకే ఒక ఉత్తుత్తి బ్రిడ్జి పెట్టి చూడాలి. దీనికి ఒక గంట పడుతుంది, ఆ గంట దాచుకోకండి. 10 ఎంఎం ఎత్తుండే చెక్క ముక్క ఏదైనా తీసుకోండి (ఈ 10 ఎక్కణ్ణుంచి వచ్చిందో కింద చెప్తా), దాని నెత్తి మీద ఒక సన్నటి వెదురు పుల్ల అంటించి ఆ గీత మీద జిగురు లేకుండా ఊరికే నిలబెట్టండి, డబ్బా కింది చివర లోపల దిమ్మ ఉంటుంది కదా అక్కడ ఒక స్క్రూ కొట్టి తీగల్ని దానికి కట్టండి. జి, సి, ఇ, ఎ అని తీగలు నాలుగు, ఇప్పుడు నాలుగూ అక్కర్లేదు, అన్నిట్లోకీ సన్నటి ఎ తీగ, లావుపాటి సి తీగ చాలు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని శ్రుతి చెయ్యండి, ఎ తీగకి 440 హెర్ట్జ్.

ఇప్పుడు 12వ మెట్టు మీద తీగని నొక్కకుండా వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటి వేలు తీసెయ్యండి, గంట కొట్టినట్టు సన్నగా పలుకుతుంది, అది చూసుకోండి. తర్వాత అదే మెట్టు మీద మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకటే రావాలి. నొక్కినది ఎక్కువ వస్తే పుల్లని వెనక్కి, అంటే నట్‌కి దూరంగా జరపండి, తక్కువ వస్తే ముందుకి. అర అర ఎంఎం జరుపుకుంటూ పోండి. సి తీగ ఎప్పుడూ ఎ కంటే ఇంకాస్త వెనక్కి అడుగుతుంది, కంగారు పడొద్దు, రెండిటికీ మధ్యలో గీత పెట్టుకుంటే మిగతాది చివర్లో శాడిల్ నెత్తిని ఆకురాయితో రుద్ది సర్దుకోవచ్చు.

నిలువు చోటు అయ్యింది, అడ్డం చోటు కూడా చూడాలి. డబ్బా మధ్య గీత చూసి పెట్టేస్తే మెడ ఒక వెంట్రుక వాసి వంకరున్నా తీగలు ఒక పక్కకి పోతాయి. నట్ మీద బయటి రెండు గాళ్ళ నుంచి రెండు దారాలు కిందదాకా లాగి పట్టుకోండి, బ్రిడ్జి దగ్గర ఆ రెండిటి మధ్య 42 ఎంఎం ఉండేలా, ఆ రెండు దారాల్నీ కలిపి అటూ ఇటూ జరపండి, మెడకి రెండంచుల్లోనూ సమానంగా ఖాళీ మిగిలినప్పుడు అదీ మీ అసలు మధ్య. నాలుగు తీగలు, మూడు ఖాళీలు, ఒక్కోటి 14.

ఇప్పుడు ఆ ఎత్తు లెక్క. నిటారుగా ఉండే స్కేలుని మెట్ల మీద పడుకోబెట్టి దాని కొన శాడిల్ గీత మీదకి వచ్చేలా చూడండి, స్కేలు అడుగుకీ కింద పై పలకకీ మధ్య ఎంతుందో కొలవండి. నాకు 5.5 ఎంఎం. తీగ 12వ మెట్టు మీద రెండున్నర ఎంఎం ఎత్తులో ఉంటే వేలికి హాయిగా ఉంటుంది, తీగ మెట్లకి తగిలి జుమ్మనదు. 12వ మెట్టు సగందూరం కదా, కాబట్టి శాడిల్ దగ్గర ఆ ఎత్తు రెట్టింపు, 5. నట్ దగ్గర తీగ మెట్ల మీద అర ఎంఎం లేచి ఉంటుంది, అది తీసేస్తే 4.5. ఈ 4.5కి ఆ 5.5 కలిపితే 10 ఎంఎం. అంటే పై పలక నుంచి శాడిల్ నెత్తి దాకా మొత్తం 10. దాంట్లో 7 చెక్క, 3 బయటికి కనిపించే ఎముక. మీకు 5.5 బదులు 4 వచ్చిందా, అప్పుడు చెక్క 6 చేసుకోండి. ఇంకా తక్కువొస్తే మెడ ముందుకి వంగినట్టు, అది బ్రిడ్జితో సరిచేసే రోగం కాదు.

ఏ చెక్క

గట్టిగా, బాగా ఆరి ఉండాలి, అంతే. మన డెల్టాలో కొత్త చెక్కతో చిక్కేంటంటే అది ఎప్పుడు ఆరిందో ఎవడికీ తెలీదు, గాల్లోనే నీళ్ళుంటాయి. అందుకే అడితికి వెళ్ళి కొత్త పలక కొనకండి, పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన ముక్కలు చూడండి. పాత మండువా ఇంటి కిటికీ చువ్వ చెక్క, విరిగిన మంచం కోడు, పాత అప్పడాల కర్ర, ఇవన్నీ ఎన్నో ఎండలూ వానలూ చూసి కుదురుకున్న చెక్కలు. నేను రెండోదానికి జిట్రేగి ముక్క వాడాను, పాలకొల్లులో ఒక ఫర్నిచర్ షాపు వెనకాల చెత్తలో దొరికింది, దాని కోసం చించినాడ బ్రిడ్జి మీదుగా వెళ్ళొచ్చాను, బ్రిడ్జి కోసం బ్రిడ్జి దాటడం అంటే ఇదే. టేకు చేవ కూడా బాగుంటుంది. బొబ్బిలి వీణలు పనస చెక్కతో చేస్తారు కదా అని మూడోదానికి పనస పెట్టాను, జిట్రేగి అంత గట్టిది కాదు గానీ తేలిక, శబ్దం మెత్తగా వచ్చింది, నచ్చింది. మామిడి వద్దు, గాడి అంచులు నలిగిపోతాయి. చింత చేవ రాయిలా ఉంటుంది, ఉలి మొండిబోతుంది. తాటిచెక్క మీద మన గోదావరోళ్ళకి ప్రేమెక్కువ, ఇళ్ళకి దూలాలు అవే కదా, కానీ సన్న పనికి పెడితే ఈనెలు ఈనెలుగా లేచిపోతుంది, నేను చూసేశాను, మీరు చూడక్కర్లేదు.

ముక్క పొడవు 85, వెడల్పు 22, మందం 7. కోసేటప్పుడు ఈ కొలతకి కోసెయ్యకండి, ఒక అరచేయి పొడవు ముక్కనే తీసుకుని మందం మాత్రం చిత్రిక పట్టి 7కి తెచ్చి ఆపండి. చెక్క నార పొడుగువైపు పోవాలి, అడ్డంగా పోతే గాడి దగ్గర పుటుక్కున విరుగుతుంది. గాడీ బెజ్జాలూ పెద్ద ముక్కలో ఉండగానే చేసెయ్యాలి, పట్టుకోవడానికి చోటుంటుంది, పాడైనా పక్కకి జరిగి మళ్ళీ గీసుకోవచ్చు. చెక్కి నునుపు చేసి మురిసిపోయాక గాడి పాడైతే ఏడవాల్సొస్తుంది.

గాడి, బెజ్జాలు

గాడి వెడల్పు 3 ఎంఎం, లోతు 4, పొడవు 56. ముందు అంచు నుంచి 7 ఎంఎం వదిలి గీయండి. చురుకైన బ్లేడుతో గీయండి, పెన్సిల్ గీతకే అర ఎంఎం మందం ఉంటుంది. గీత పక్కనే ఒక నిటారు చెక్కని బిగించి దాన్ని ఆనించి హ్యాక్సా బ్లేడుతో కోయండి, మొత్తం రంపం అక్కర్లేదు, బ్లేడు విడిగా తీసి ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుంటే చాలు. రెండు గీతలూ అయ్యాక మధ్యది చిన్న ఉలితో తియ్యండి. అంత సన్న ఉలి దొరకదు, విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కని సానరాయి మీద అరగదీసుకుంటే అదే ఉలి. గాడి అడుగు చదునుగా రావాలి, మధ్యలో గుంటో దిబ్బో ఉంటే శాడిల్ అక్కడ ఆనదు, ఆ పైనున్న తీగ మూగదవుతుంది. తీగ కంపించేది ఎముకలోంచి చెక్కలోకీ, చెక్కలోంచి పలకలోకీ దిగాలి కదా.

చేతికి అంత కుదురు లేదు అనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది, నేను మూడోదానికి ఇదే చేశాను. కింద 3 ఎంఎం మందం పలక, దాని మీద 4 ఎంఎం మందం బద్దలు రెండు, మధ్యలో 3 ఎంఎం ఖాళీ వదిలి అతికించడం, ఆ ఖాళీయే గాడి. ఖాళీలో ఒక ప్లాస్టిక్ స్కేలు ముక్కనో ఏదో పెట్టి అతికిస్తే సమానంగా వస్తుంది, బంక ఆరేలోపు దాన్ని లాగెయ్యండి. చివర్లు మూయడానికి రెండు చిన్న ముక్కలు.

ఇక తీగలు కట్టేది. మామూలు యుకులేలేల్లో బ్రిడ్జి వెనకాల కమ్మీకి చుట్టి ముడేస్తారు. అలా చేస్తే తీగల లాగుడు మొత్తం బంక మీదే పడుతుంది, నాలుగూ కలిపి పదిహేను ఇరవై కిలోలు లాగుతాయి, అది ముందుకి లాగడమే కాదు, బ్రిడ్జి వెనక అంచుని పైకి లేపాలని చూస్తుంది. నాది ఊడింది అక్కడే. కాబట్టి మన తేమకి నేను చెప్పేది ఒకటే, తీగని బ్రిడ్జిలోంచీ పై పలకలోంచీ కిందికి దింపి లోపల ముడి వెయ్యండి. అప్పుడు ముడి లోపల్నుంచి పలకనీ బ్రిడ్జినీ కలిపి నొక్కి పట్టుకుంటుంది, వెనక అంచు లేవదు. గాడి వెనక 7 ఎంఎం దూరంలో, 14 14 చొప్పున నాలుగు బెజ్జాలు, 2 ఎంఎం బిట్టుతో నిటారుగా. పైన బెజ్జం ముందు అంచుని గుండ్రటి సన్న ఆకురాయితో శాడిల్ వైపుకి వాలుగా రుద్దండి, లేకపోతే ఆ పదును అంచు తీగని కోసేస్తుంది. దీనికి లోపల పై పలక అడుగున ఒక గట్టి చెక్క పలక ఉండాలి, 2 ఎంఎం మందం, బ్రిడ్జి కంటే కాస్త పెద్దది. వెనక పలక ఇంకా మూయకపోతే ఇప్పుడే అతికించెయ్యండి, అసలు కుదిరితే బ్రిడ్జి అతికించాకే వెనక పలక మూయండి, బతుకు సుఖంగా ఉంటుంది. మూసేసి ఉంటే పై పలక మీదున్న గుండ్రటి కంతలోంచి, అదే సౌండ్ హోల్‌లోంచి, చేయి దూర్చి కష్టపడాలి, పిల్లల చేతులు చిన్నవి, మా అన్నయ్య కూతురికి పావలా పనికి ఐస్‌క్రీమ్ లంచం ఇచ్చాను.

రెండు చివర్లలో కూడా ఒక్కో 3 ఎంఎం బెజ్జం పెట్టుకోండి, ఇవి తీగలకి కాదు, అతికించేటప్పుడు పనికొస్తాయి.

ఇప్పుడు కోసి చెక్కుకోండి. మధ్య భాగం 7 ఎంఎం అలాగే ఉంచి రెండు రెక్కలూ పల్చగా 4 దాకా దింపండి, బరువు తగ్గుతుంది, బ్రిడ్జి బరువైతే శబ్దం కుంటుతుంది. ఆకారం మీ ఇష్టం, నేను పడవ ఆకారం చెక్కాను, అందరూ మీసం అంటున్నారు.

శాడిల్

ప్లాస్టిక్ పెట్టుకోవచ్చు, వంటింటి బండ రాళ్ళ షాపులో దొరికే కృత్రిమ రాయి తునకలు కూడా పనికొస్తాయి, ఇత్తడి పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. పాత క్యారమ్స్ స్ట్రైకర్‌తో అవుతుందనుకున్నా, దాని అడ్డకొలత 41 ఎంఎం, మనకి తీగలకే 42 కావాలి, ఎంత అన్యాయమో చూడండి. కొబ్బరి చిప్పతో కూడా చేశాను, కోనసీమలో పుట్టాక చెయ్యకుండా ఉంటామా, చిప్ప వంపుగా ఉంటుంది కాబట్టి 55 పొడవు చదును ముక్క రావడం కష్టం, రెండు ముక్కలు కలిపితే అతుకు దగ్గర ఇ తీగ డప్పుగా పలికింది. ఎముకే మేలు.

మాంసం కొట్టు దగ్గర గేదె ముంగాలి ఎముక అడిగితే ఇస్తారు, గుండ్రటి గొట్టంలా ఉండేది, గోడ మందంగా ఉండేది చూసుకోండి. రెండు చివర్లూ కోసేసి, లోపలి మూలగ పుల్లతో తోసేసి, పెరట్లో పాత గిన్నెలో ఒక అరగంట ఉడకబెట్టి గీకండి, ఇంట్లో పొయ్యి మీద మాత్రం పెట్టకండి, మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. గంటలు గంటలు ఉడికిస్తే ఎముక గుల్లబారుతుంది, అంతసేపు వద్దు. తర్వాత గిన్నెల సబ్బు నీళ్ళలో నాలుగైదు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చాలి, కొవ్వు బయటికి రావాలి, రాకపోతే తర్వాత పసుపు మచ్చలు పడతాయి. చివర్లో మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు ఉంచితే తెల్లబడుతుంది. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే బీట్లు కొడుతుంది. కుక్కలకి అందకుండా. ఇదంతా ఎవడు చేస్తాడు అనుకుంటే ఆన్‌లైన్‌లో గిటార్ కోసం తెల్లగా కోసిన ఎముక ముక్కలు దొరుకుతాయి, కొనుక్కుంటే తప్పేం లేదు.

పొడవుగా కోసి 55 పొడవు, 7న్నర ఎత్తు, 3న్నర మందం ముక్క తియ్యండి. కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ మాస్క్ తప్పనిసరి, ఎముక పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడి చేసుకుంటూ రుద్దితే పొడి లేవదు. నున్నటి టైలు ముక్క మీద 150 నంబరు ఎమరీ పేపర్ అంటించి దాని మీద ఎముకని ముందుకీ వెనక్కీ రుద్దుతూ మందం తగ్గించండి. మధ్య మధ్యలో గాడిలో పెట్టి చూడండి. వేలితో నొక్కితే దిగాలి, బ్రిడ్జిని తలకిందులు చేస్తే పడిపోకూడదు, అదీ కొలత. సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే గాడి పగులుతుంది, వదులుగా ఉంటే తీగల లాగుడికి ముందుకి వాలిపోయి మనం అంత కష్టపడి తేల్చిన చోటు కాస్తా తప్పుతుంది.

అడుగు ఖచ్చితంగా చదునుగా, నెత్తి గుండ్రంగా. నెత్తి చదునుగా వదిలేస్తే తీగ ఆ వెడల్పు మీద కొట్టుకుంటూ జుమ్మని మోగుతుంది. తంబురాకి అదే కావాలి, అందుకే దాని బ్రిడ్జి నెత్తి వెడల్పుగా పెట్టి జీవాళి దారం కూడా దూరుస్తారు, మన వీణ గుర్రం మీద రేకు వంపు కూడా ఆ నాదం కోసమే. యుకులేలేకి మాత్రం తీగ ఒక్క గీత మీద ఆగాలి. 220తో గుండ్రం చేసి, 400తో నునుపు చేసి, చివర్లో ముతక బట్ట మీద పళ్ళపొడి వేసి రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

అతికించడం

దీనికి రోజు చూసుకోండి. ముహూర్తం అనట్లేదు, వాతావరణం. సంక్రాంతి వెళ్ళాక ఉగాది దాకా మన దగ్గర గాలి కాస్త పొడిగా ఉంటుంది, అప్పుడు చేస్తే హాయి. ముసురు రోజుల్లో చెక్క ఉబ్బి ఉంటుంది, బంక ఆరదు, ఆరినట్టు కనిపిస్తుంది అంతే. వానాకాలమే తప్పదంటే బ్రిడ్జినీ డబ్బానీ రెండ్రోజులు బల్బు వెలుగుతున్న అలమరాలో పెట్టి అప్పుడు చెయ్యండి.

పై పలకకి వార్నిష్ వేసి ఉంటే బ్రిడ్జి కూర్చునే చోట మొత్తం గీకెయ్యాలి. నేను మొదటిసారి వార్నిష్ మీదే అతికించాను, ఊడిపోవడానికి అదొక కారణం, బ్రిడ్జి అడుగున వార్నిష్ పొర మొత్తం అట్టులా లేచొచ్చింది. బ్రిడ్జిని చోటులో పెట్టి చుట్టూ బ్లేడుతో గీసి, ఆ గీతకి ఒక వెంట్రుక లోపలి వరకే గీకండి, పక్కకి పోతే వికారంగా కనిపిస్తుంది. పై పలక కాస్త ఉబ్బెత్తుగా ఉంటే బ్రిడ్జి అడుగు కూడా దానికి సరిపడా ఉండాలి, పలక మీద ఎమరీ పేపర్ గరుకు వైపు పైకి పెట్టి టేపు వేసి, దాని మీద బ్రిడ్జిని రుద్దితే అదే ఆకారం వచ్చేస్తుంది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, సందులోంచి వెలుగు కనపడకూడదు.

టేకు, జిట్రేగి లాంటి నూనె ఉండే చెక్కలయితే అతికించే ముందు అప్పటికప్పుడు అసిటోన్‌తో తుడవండి, గోళ్ళ రంగు తీసేవాటిల్లో కొన్నిట్లో ఉండేది అదే, అది కూడా రంగూ వాసనా కలపని రకం అయితేనే. బంక సంగతికొస్తే, వడ్రంగులు వాడే తెల్ల బంకలో తేమకి తట్టుకునే రకం ఒకటి ఉంటుంది అది అడిగి తీసుకోండి, లేదా రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ. మామూలు తెల్ల బంక వేడికి మెత్తబడి మెల్లగా జారుతుంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మూసిన కారులో యుకులేలే వదిలేస్తే ఏమవుతుందో మీరే చూస్కోండి. చిటికెలో అతికే సూపర్ గ్లూ వద్దు, పెళుసు.

పల్చగా, అంతటా. ఇందాక రెండు చివర్లలో బెజ్జాలు పెట్టాం కదా, వాటి గుండా సన్న బోల్టుల్ని లోపల్నుంచి పైకి దూర్చి, పైన చెవుల నట్టు తిప్పి బిగించండి, క్లాంపు అక్కర్లేదు, బ్రిడ్జి జారదు కూడా. బ్రిడ్జికీ నట్టుకీ మధ్య పాలిథీన్ కవరు చుట్టిన చెక్క బద్ద పెడితే నొక్కుడు అంతటా సమానంగా పడుతుంది. మరీ మెలితిప్పెయ్యకండి, బంక మొత్తం బయటికొచ్చేస్తుంది. అంచుల్లో చుట్టూ సన్నగా పూసల్లా బంక కారితే సరిపోయినట్టు, తడిబట్టతో తుడిచెయ్యండి, ఎపాక్సీ అయితే స్పిరిట్‌తో. తీగల బెజ్జాల్లో బంక ఉంటే పుల్లతో ఇప్పుడే తీసెయ్యాలి. ఒక రోజు, వానాకాలం అయితే రెండ్రోజులు ముట్టుకోవద్దు. తర్వాత బోల్టులు తీసేసి ఆ రెండు బెజ్జాల్లో కొబ్బరి చిప్పతో చెక్కిన బిరడాలు కొట్టి రుద్దెయ్యండి, నల్లటి చుక్కల్లా మెరుస్తాయి, శాడిల్‌కి పనికిరాని చిప్పకి ఇక్కడ ఉద్యోగం దొరికింది.

తీగలు ఎక్కించాక

తీగ కొసకి పూస ఒకటి కట్టి ముడెయ్యాలి, ముడి ఒక్కటే అయితే బెజ్జంలోంచి జారి వస్తుంది. పూస కట్టకముందే ఆ కొసని పై నుంచి బెజ్జంలోకి తోసి సౌండ్ హోల్‌లోంచి బయటికి లాగి, పూస కట్టి, మళ్ళీ వెనక్కి లాగితే పూస లోపలి పలకకి ఆనుకుంటుంది. నైలాన్ తీగలు మూడు నాలుగు రోజులు సాగుతూనే ఉంటాయి, శ్రుతి నిలవట్లేదని తీగలు బిగించే బిరడాల్నీ బ్రిడ్జినీ తిట్టకండి. నరసాపురం వైపు వలల షాపుల్లో దొరికే గాలం తీగ కట్టుకోవచ్చా అని అడుగుతారు, కట్టుకోవచ్చు, ఎ తీగకి 0.6, ఇ కి 0.7, సి కి 0.9, జి కి 0.65 ఎంఎం చుట్టుపక్కల, పలుకుతాయి.

తీగలు కుదురుకున్నాక ఎత్తు చూడండి. ఏటీఎం కార్డు మందం 0.76 ఎంఎం, మూడు కార్డులు కలిపి 12వ మెట్టు మీద పెట్టి తీగ కింద దూర్చితే రాసీ రాయనట్టు ఉండాలి. తీగ బాగా పైనుంటే శాడిల్ ఊడదీసి అడుగు వైపు రుద్దండి, నెత్తి మీద చేసిన పని పాడవదు. 12వ మెట్టు దగ్గర అర ఎంఎం తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక ఎంఎం తీయాలి, ఇది మర్చిపోయి భయపడి కొంచెం కొంచెం తీస్తూ పదిసార్లు తీగలు విప్పినవాణ్ణి నేను. ఎక్కువ తీసేస్తే అడుగున విజిటింగ్ కార్డు ముక్క పెట్టుకుని నడిపించి, తీరిగ్గా కొత్త శాడిల్ చేసుకోండి.

మళ్ళీ ఆ 12వ మెట్టు పరీక్ష ఒక్కో తీగకీ చెయ్యండి. సి ఇంకా ఎక్కువ పలుకుతుంటే ఆ తీగ కింద శాడిల్ నెత్తిని ముందు వైపు రుద్ది కొనని వెనక అంచుకి జరపండి, ఎ తక్కువ పలుకుతుంటే వెనక వైపు రుద్ది కొనని ముందుకి తేవండి. 3 ఎంఎం మందంలో అంత చోటుంది.

ఇంకొక్కటి. శ్రుతి చేసి ఒక రాత్రి అలాగే వదిలెయ్యండి, పొద్దున్నే బ్రిడ్జి వెనక అంచు కింద న్యూస్‌పేపర్ ముక్క దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే వెంటనే తీగలు వదులు చేసి, సందులోకి ఎపాక్సీ ఎక్కించి మళ్ళీ బిగించండి, ఆలస్యం చేస్తే పలక పొర కూడా లేస్తుంది. నేను రెండోదానికి ఆ రాత్రి రెండు గంటలకి లేచి టార్చిలైటు వేసి మరీ చూశాను, కాగితం దూరలేదు, ఈలోగా బయట రేకుల మీద నిజంగానే కొబ్బరికాయ పడింది.